మూడో అంతస్తులో సముద్రం

తప్పంతా మండపాక కామేశ్వరరావుదే. అడిగాడు. ఎవరూ అడగమనలేదు, అడక్కపోతే ఎవరికీ తెలిసేదీ కాదు, అయినా అడిగాడు. ఉద్యోగమంతా విద్యుత్ శాఖ లెక్కల విభాగంలో చేసి రిటైరైన మనిషి. అనుమతి లేకుండా తుమ్మితే అది తుమ్ము కిందికి రాదని ఆయన నమ్మకం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే గానీ, అడిగితే ప్రభుత్వం ఏం పెడుతుందో ఆ సామెత కట్టినవాడికి తెలిసుండదు.

ఆయన అడిగింది చేపల గురించి.

విశాఖపట్నంలో ఆయనకి మూడో అంతస్తులో ఒక ఫ్లాటుంది. హాల్లో టీవీ ఉండాల్సిన చోట నడుమెత్తు బల్ల మీద ఒక గాజు తొట్టి ఉంది. తొట్టిలో ఉప్పునీళ్ళు. కుళాయి నీళ్ళలో ఉప్పు కలిపి చేసినవి కావు, సముద్రం నుంచి క్యాన్లతో మోసుకొచ్చినవి. చేపలూ అంతే. ఊరి చివర పెదరాళ్ళ అనే చోట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బండల మధ్య గుంటల్లో నీళ్ళు నిలిచిపోతాయి. రంగురంగుల చేపపిల్లలు వాటిలో చిక్కుకుని మళ్ళీ పోటు వచ్చేదాకా అక్కడక్కడే తిరుగుతుంటాయి. ఆదివారం పొద్దున్నే కామేశ్వరరావు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, పాత దోమతెరతో కుట్టుకున్న చేతివల పట్టుకుని, ఒకటీ అరా పట్టేవాడు. కవర్లో సగం నీళ్ళూ సగం గాలీ నింపి ఇంటికి తెచ్చి, కవరు కవరుగానే తొట్టిలో కాసేపు తేలనిచ్చి, లోపలి నీళ్ళు అలవాటయ్యాక మెల్లగా వదిలేవాడు. కొత్తకోడల్ని కూడా ఇంత సుతారంగా ఎవరూ ఇంట్లోకి రానివ్వరని భార్య సుభద్ర అనేది.

తరతరాలుగా గుడ్డు ముట్టని వంశం వాళ్ళది. చేపల కవరు పట్టుకుని ఆయన మెట్లెక్కుతుంటే, అంతా శాకాహారులే గానీ రొయ్యల బుట్ట ఏమైందో అని కింది ఫ్లాటు వాళ్ళు నవ్వేవాళ్ళు. సుభద్రా మొదట్లో సణిగింది. "మనుషులకి మంచినీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నాయి. వీటికి వారం వారం రెండు క్యాన్ల సముద్రమా?" అనేది. సణుగుతూనే తొట్టి ముందు కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలిచేది. పసుపు ఒంటి మీద నల్లచారలున్న మగచేప ఒకటి ఎవరు దగ్గరికొచ్చినా మీద పడి తరిమేది. మూల రాయి తన సొంతమన్నట్టు దాని చుట్టూ పహరా తిరిగేది. సుభద్ర దానికి 'మావయ్యగారు' అని పేరు పెట్టింది. ఆవిడ మామగారు కూడా వంటింటి గడప దగ్గర అలాగే తిరిగేవారట.

ఈ సుఖం చాలక కామేశ్వరరావు సముద్ర సమతౌల్య శాఖకి ఒక విన్నపం పంపాడు. నేను సముద్రం నుంచి చేపలు పట్టి ఇంట్లో పెంచుకుంటున్నాను, దీనికి అనుమతి ఏమైనా కావాలా అని. కొరివితో తల గోక్కోవడానికి కూడా కొరివి వెతుక్కోవాలి. ఈయన ఇంటికే తెప్పించుకున్నాడు.

శాఖ ఉపసంచాలకులు ఇందుకూరి విశ్వనాథరాజు గారు స్వయంగా వచ్చారు. వెనక కొలబద్ద పట్టుకుని ఒక అటెండరు. రాజుగారు తొట్టిని అటునుంచీ ఇటునుంచీ చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"వీటిని కొన్నారా, పట్టారా?" అని అడిగారు.

"పట్టానండీ. నా చేత్తోనే."

"అక్కడే ఉంది విషయం. కొన్న చేప సరుకు. దానికి బిల్లుంటుంది, మా శాఖకి నిమిత్తం లేదు. పట్టిన చేప సముద్రజీవి. సముద్రజీవి ఎక్కడ నివసిస్తుందండీ?"

"సముద్రంలోనండి."

"ఇది ఎక్కడ నివసిస్తోంది?"

కామేశ్వరరావు తొట్టి వైపు చూశాడు. లెక్క ఎటు పోతోందో ఆయనకి అర్థమైంది, తప్పు మాత్రం ఎక్కడా కనపడలేదు.

"సహజ సముద్రజలమూ, అందు సహజ సముద్రజీవులూ ఏ స్థలమందు ఏకకాలమున ఉండునో, సదరు స్థలము సముద్రమనబడును," అన్నారు రాజుగారు కళ్ళు మూసుకుని. "ఇది శాఖ నిర్వచనం. లోతు ఎంతుండాలో చెప్పలేదు. వెడల్పు సంగతీ లేదు. చెప్పనిదాన్ని ఊహించుకునే అధికారం నాకు లేదు. ఒక్క ఆటుపోట్లు తేలితే సరిపోతుంది."

సరిగ్గా అప్పుడే సుభద్ర చెంబుతో నీళ్ళు తెచ్చి తొట్టిలో పోసింది. ఎండకి ఆవిరై తగ్గిన నీళ్ళని రోజూ అలా భర్తీ చెయ్యాలి, లేకపోతే లోపల ఉప్పు ఎక్కువైపోతుంది. నీటిమట్టం వేలెడు పైకొచ్చింది.

"పోటు," అన్నారు రాజుగారు. అటెండరు కొలబద్ద పెట్టాడు. "మళ్ళీ తగ్గుతుందా అమ్మా?"

"సాయంత్రానికి తగ్గుతుంది. ఈ ఎండలకి తగ్గక ఏం చేస్తుంది?"

"ఆటు. రెండూ ఉన్నాయి. ఇంకేం కావాలండీ సముద్రానికి?"

ఆ విధంగా కామేశ్వరరావు హాలు సముద్రమైంది. దాపరికమెందుకు, ఆయనకి లోపల్లోపల కొంచెం గర్వంగానే అనిపించింది. తన జీవితంలో ఒక విన్నపానికి ఇంత తొందరగా, ఇంత క్షుణ్ణంగా జవాబు రావడం అదే మొదలు.

సుభద్రకి మాత్రం మర్నాటి నుంచే తెలిసొచ్చింది. హాలు చుట్టూ ఎర్రరంగుతో తీరరేఖ గీశారు. తీరరేఖని ఆనుకుని శాశ్వత కట్టడాలు ఉండకూడదు. వంటింటి గట్టు శాశ్వత కట్టడం. కాబట్టి గ్యాసుపొయ్యి పడకగదిలోకి పోయింది, మంచం హాల్లోకి వచ్చింది. మంచం కదిలే వస్తువు గనక పడవ కింద జమకట్టి నంబరు రాశారు. సముద్రంలో ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ తప్పనిసరి అన్నారు. ఆవిడ నారింజరంగు జాకెట్ తొడుక్కుని పప్పు ఏరుకుంటుంటే, పాలకుర్రాడు మొదటిరోజు పాలు గుమ్మంలో పెట్టేసి వెనక్కి చూడకుండా దిగిపోయాడు.

"ఊపిరాడట్లేదండీ ఇందులో," అంది సుభద్ర.

"మునిగితే అసలే ఆడదమ్మా," అన్నారు తనిఖీకి వచ్చిన రాజుగారు. జాకెట్ ఊడదియ్యమని మాత్రం అనలేదు.

అపార్ట్‌మెంటు జనం ఏమైనా అడ్డుపడ్డారా అంటే, అదీ లేదు. రెండో అంతస్తు వాళ్ళు తమ ఫ్లాటు సముద్రానికి ఆనుకునే ఉందని ప్రకటన వేసి అద్దె పెంచేశారు. సెక్రటరీ గారు మేడ మీద ఇసుక పోయిస్తే బాగుంటుందేమో ఆలోచించండన్నారు.

కార్తీకం వెళ్ళాక బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. శాఖవాళ్ళు కామేశ్వరరావు బాల్కనీకి ప్రమాద సూచిక కట్టి, తీరప్రాంత వాసులను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. తీరప్రాంత వాసులంటే ఆ వీధిలో మొగుడూ పెళ్ళాలిద్దరే. పొడిగా ఉన్న మూడో అంతస్తు నుంచి దింపి, పల్లంలో ఉన్న స్కూలు భవనంలో పెట్టారు. అక్కడ మోకాలిలోతు వాననీళ్ళు. బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని పులిహోర పొట్లం తింటూ, "మనింట్లో సముద్రం ఇంతకన్నా నయం కదండీ," అంది సుభద్ర. పులిహోర చల్లారిపోయింది, ఉప్పు చాల్లేదు.

ఇవన్నీ భరించాడు ఆయన. నిబంధన ఒకసారి ఒప్పుకున్నాక పక్కకి తప్పుకోవడం మర్యాద కాదనుకునే రకం. ఆయన ఓర్పు ఎక్కడ తెగిందంటే, చేప గుడ్లు పెట్టినప్పుడు.

ఎండలు ముదురుతున్న రోజులు. ఒక పొద్దున్న మూల రాయి మీద ఊదారంగు మచ్చ ఒకటి కనపడింది. దగ్గరగా చూస్తే మచ్చ కాదు, ఆవగింజల్లో సగం ఉన్న గుడ్లు, వరసలు వరసలుగా అంటించి ఉన్నాయి. ఆడచేప పెట్టేసి తన దారిన తాను తిరుగుతోంది. మావయ్యగారు మాత్రం తిండి మానేసి రాయి ముందే నిలబడ్డారు. రెక్కలతో నీళ్ళు విసురుతారు, నోటితో ఒక్కో గుడ్డూ శుభ్రం చేస్తారు. కామేశ్వరరావు గాజు తుడవడానికి చెయ్యి పెడితే వేలు కొరికారు. కొరికించుకున్న వేలుని ఆయన పగలంతా అందరికీ చూపించుకున్నాడు. పిల్లల్లేని ఇల్లది. సుభద్ర ఆ రోజు చిక్కుడుకాయలు ఒలవడం మర్చిపోయి సాయంత్రందాకా అలాగే కూర్చుంది.

ఆ వారంలోనే వేసవి వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా రెండు నెలలు మోటారు పడవల్ని ఆపేస్తారు, అది అందరికీ తెలిసిందే. కామేశ్వరరావుకి తట్టనిది ఏమిటంటే, తన తొట్టిలో కూడా ఒక మోటారుంది. నీళ్ళని తిప్పి గాలి ఆడించేది అదే. అది ఆగితే చేపలకి ఊపిరి ఆగుతుంది.

రాజుగారు లక్కా, సీలూ పట్టుకుని వచ్చారు.

"నిషేధకాలంలో సముద్రమందు మోటారుతో నడుచు ఏ సాధనమూ పనిచేయరాదు," అన్నారు.

"అది పడవ కాదండీ. పంపు."

"ఏ సాధనమూ అని ఉంది."

"ఆపితే చచ్చిపోతాయండీ అవి. గుడ్లు కూడా ఉన్నాయి, చూడండి," అంది సుభద్ర.

రాజుగారు వంగి గుడ్లని చూశారు. ఆయన ముఖంలో నిజంగానే సంతోషం కనపడింది. "ఎంత శుభవార్త చెప్పారమ్మా. నిషేధం పెట్టింది ఈ గుడ్ల కోసమే కదా. వీటి క్షేమం కోసమే ఆపుతున్నాం," అని ప్లగ్గు మీద లక్క కరిగించి సీలు వేశారు. మళ్ళీ గుమ్మం దగ్గర ఆగి, మనిషన్నాక దయ ఉండాలి గనక, ఒక దారి చెప్పారు. "చేత్తో చేసే సంప్రదాయ పద్ధతులకి మినహాయింపుంది. కావాలంటే చేత్తో చేసుకోవచ్చు."

చేత్తోనే చేశారు. చెంబుతో నీళ్ళు తీసి, పైకెత్తి, బుడగలు వచ్చేలా మళ్ళీ అందులోనే పొయ్యడం. ఒకళ్ళు పోస్తుంటే ఒకళ్ళు కునుకు తియ్యడం. కామేశ్వరరావుకి భుజం పట్టేసింది. సుభద్ర మణికట్టు వాచి గాజులు బిగుసుకున్నాయి. ఆపితే చాలు, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచేవి. మావయ్యగారు మాత్రం పైకి రాలేదు. రాయి వదిలితే గుడ్లని ఎవరు తింటారో అని కిందే ఉండి, అక్కడే ఎగశ్వాస పీల్చారు.

అది చూసి సుభద్రకి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చెంబు తిప్పింది.

"మనం వీటిని తెచ్చి పాపం చేశామండీ. ఎక్కణ్ణుంచి తెచ్చారో అక్కడే దింపెయ్యండి."

"నేనూ అదే అనుకుంటున్నాను. రేపు వెళ్ళి అడుగుతాను."

"మళ్ళీ అడుగుతారా?"

అడిగాడు. అలవాటు చచ్చినా పోదు. రాజుగారు కుర్చీ చూపించి, టీ తెప్పించి, విన్నారు.

"నిషేధకాలంలో సముద్రం నుంచి చేప తియ్యడాన్ని వేట అంటారండీ."

"వేట కాదండీ, మళ్ళీ సముద్రంలోనే వదిలేస్తాను."

"మీరు వదిలేది తర్వాతి సంగతి. తీసేది ముందు సంగతి. పైగా మీ సముద్రం ఖాళీ కావడానికి వీల్లేదు. పైవాళ్ళకి చూపించేశాం."

"చూపించారా, ఎందుకండీ?"

"అవసరం పడింది," అన్నారు రాజుగారు. టీ చల్లారుతోందని గుర్తు చేశారు.

కామేశ్వరరావు ఇంటికొచ్చేసరికి తొట్టిలో రెండు చేపలు వెల్లకిలా తేలాయి. సుభద్ర ఆయన వైపు చూడలేదు. చూసి ఉంటే తిట్టేదేమో, తిట్టినా బాగుండేది. పంపుకి వేసిన సీలు చూశాడు, తన చేతిలో చెంబు చూశాడు. ఇన్నేళ్ళ నౌకరీలో తను పట్టుకున్న నియమాలన్నీ ఎవరి క్షేమం కోసమో అని మొదటిసారి అనుమానం వచ్చింది. అనుమానం రాగానే భయం వేసింది, భయం వెనకే కోపం వచ్చింది. ఆయనకి కోపం అలవాటు లేదు, ఎటు వెళ్ళాలో తెలీక కాసేపు గదంతా తిరిగాడు.

తెల్లారగానే వేట చేశారు. వల వాడలేదు. సుభద్ర టీ వడపోసే జాలీతో ఒక్కో చేపనీ బకెట్లోకి దించింది. గుడ్లున్న రాయిని నీళ్ళలోంచి బయటికి తియ్యకుండా, గిన్నెని తొట్టిలో ముంచి దానితో సహా తీసింది. మావయ్యగారిని పట్టాల్సిన అవసరం రాలేదు. రాయి వెంటే గిన్నెలోకి వచ్చేశారు. ఆటోలో పెదరాళ్ళ దాకా కామేశ్వరరావు ఒళ్ళో బకెట్, చేతిలో చెంబు. ఎత్తి పోస్తూనే ఉన్నాడు. ఆటో అతను అద్దంలోంచి ఒకసారి చూసి, ఏ గుడికి వెళ్తున్నారని అడిగాడు.

పెదరాళ్ళ దగ్గర బండలు ఉన్నాయి, అలలు ఉన్నాయి. వాటి చుట్టూ కొత్తగా ఇనుప కంచె ఉంది. గేటు మీద పెద్ద బోర్డు: 'ఇది సముద్రం కాదు. లోనికి ప్రవేశం లేదు.' బోర్డు కింద యూనిఫారంలో ఒక సెక్యూరిటీ గార్డు. కంచె బయట ఇసుకలో, భుజాన వల వేసుకుని ఒక ముసలి జాలరి గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఈ చేపల్ని సముద్రంలో వదలాలయ్యా," అన్నాడు కామేశ్వరరావు.

"సముద్రం ఇక్కడ లేదండి," అన్నాడు గార్డు మర్యాదగా. "పోయిన నెల్లోనే తీసేశారు. కంపెనీ వాళ్ళ రేవుకి ఇచ్చారు ఈ చోటు. ఇప్పుడిది పొడినేల. గెజిట్లో పడింది."

ఒక అల కంచెలోంచి వచ్చి గార్డు బూట్లని తడిపి వెళ్ళింది.

"మరి ఇదేమిటి?" అంది సుభద్ర.

"నీళ్ళండి."

"సముద్రం కాదా?"

"కాదండి. సముద్రాన్ని వేరే చోటికి మార్చారు. ఊరికే తీసెయ్యడానికి రూలు ఒప్పుకోదు కదండి. ఇక్కడొకటి తీస్తే ఇంకోచోట ఒకటి చూపించాలి. చూపించారు. పైవాళ్ళు చాలా పద్ధతిగా చేశారండి."

కామేశ్వరరావు లెక్కల మనిషి గనక లెక్కే అడిగాడు. "ఇంత పెద్ద తీరానికి బదులు చూపించాలంటే విస్తీర్ణం సరిపోవాలి కదయ్యా?"

"సంఖ్య సరిపోతే చాలండి. ఒకటికి ఒకటి."

"పోనీ, ఈ నీళ్ళలోనే వదులుతాం."

"అలా కుదరదండి. పొడినేల మీద చేపల్ని పారబోస్తే జీవహింస కేసు. నేనే రాయాలి. కావాలంటే ఆఫీసుకెళ్ళి అడగండి."

బకెట్లో చేపలు మళ్ళీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. అల వెనక్కి వెళ్ళి, కూడగట్టుకుని, మళ్ళీ వస్తోంది. కామేశ్వరరావు ఎవర్నీ అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవర్నీ అడగలేదు. కంచె దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, అల రాగానే బకెట్ వంచేశాడు. నల్లచారలు ఒక్కసారి మెరిసి కంచె కన్నాల్లోంచి అవతలికి పోయాయి. సుభద్ర గిన్నెని నీళ్ళలో ముంచి, చెయ్యి సందుల్లోంచి దూర్చి, రాయిని బండ పగులులో గట్టిగా ఇరికించింది. మావయ్యగారు ఒక చుట్టు తిరిగి, రాయి ముందుకొచ్చి నిలబడి, ఆవిడ వేలు కొరికారు.

గార్డు కంగారుగా వచ్చి చూశాడు. జీవహింస రాయాలంటే చచ్చిన చేప ఒకటైనా కనపడాలి. ఎంత వెతికినా కనపడలేదు. నీళ్ళలో ఈదుతున్నాయని రాద్దామంటే అక్కడ నీళ్ళున్నాయని ఒప్పుకోవాలి. బూట్లు దులుపుకుని వెనక్కెళ్ళి నిలబడ్డాడు.

అప్పటిదాకా ఊరికే చూస్తున్న ముసలి జాలరి లేచి వచ్చాడు. మైలపల్లి ఎర్రయ్యనని చెప్పుకున్నాడు. ఆ దాపునే ఉన్న పల్లె అతనిది.

"బావూ, మీరు టౌను మనుసుల్లాగున్నారు. మా సముద్రం టౌన్లోకి మార్చీసినారంట. ఏదో మేడ మీద, మూడో అంతస్తులో ఎట్టినారంట. ఇక మీద మీ ఏట అక్కడేనని కార్డులిచ్చినారు. ఎటెల్లాలో మీకేటైనా తెలుసా?"

సుభద్రే చెప్పింది.

"తెలుసు నాయనా. మా ఇల్లే అది."

ఎర్రయ్య ఆశ్చర్యపోలేదు. కార్డులిచ్చిన రోజునే ఆశ్చర్యమంతా అయిపోయినట్టుంది. "ఎన్ని తెప్పలు పడతాయమ్మా అందులో?" అని అడిగాడు.

"ఒక్కటి కూడా పట్టదు."

"సేపలో?"

సుభద్ర ఖాళీ బకెట్ వైపు చూసింది. "ఇప్పుడే అయిపోయాయి."

ఎర్రయ్య వల ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "ఏటన్నాక ఒకోరోజు పడదమ్మా. అది మాకు కొత్తేటి. రేపు పొద్దున్న ఎన్నింటికి రమ్మంటారు?"

"ఆరు దాటాక రండి," అన్నాడు కామేశ్వరరావు. "లిఫ్టు పనిచెయ్యదు. మెట్లెక్కి రావాలి."

"ఎంతమంది వస్తారు?" అంది సుభద్ర. కాఫీకి పాలు చాలతాయా అని ఆవిడ ఆలోచన.

ఎర్రయ్య వెనక్కి తిరిగి పల్లె వైపు చూశాడు.

"అందరం తల్లీ. ఇంకెక్కడికెల్తాం?"